కాంటాక్ట్ లెన్స్ సొల్యూషన్: తెరిచిన సీసా ఎన్నాళ్ళు వాడొచ్చు, పాతదాంట్లో కొత్తది కలపొచ్చా?

#1 · నీలిమేఘం

నెలనెలా మార్చే సాఫ్ట్ లెన్సులు వాడేవాళ్ళకి సరైన సమాచారం ఒకచోట దొరకాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తరచూ వచ్చే సందేహాలు ఇవి.

సీసా మీద ఎక్స్‌పైరీ వచ్చే ఏడాది అని ఉంది, కానీ మూత తీసి నాలుగు నెలలైంది. వాడొచ్చా? రాత్రి కేసులో పోసిన సొల్యూషన్ పొద్దున చూస్తే తేటగానే ఉంటుంది. దాన్ని పారబోయకుండా పైన కాస్త కొత్తది పోస్తే చాలదా? పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి ఒంపుకొని ప్రయాణాల్లో వాడొచ్చా? ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా?

తెలిసినవాళ్ళు వట్టి "వద్దు" అని ఊరుకోకుండా ఎందుకు వద్దో కూడా చెప్పండి. కారణం తెలిస్తేనే అలవాటు మారుతుంది.

#2 · కంటిగది

ముందు తేదీల సంగతి. సీసాకి రెండు గడువులు ఉంటాయి. అచ్చు వేసిన ఎక్స్‌పైరీ సీలు తీయని సీసాకి మాత్రమే. తెరిచాక ఎన్ని రోజుల్లో పారేయాలో లేబుల్ మీద వేరే వాక్యం ఉంటుంది. చాలా మల్టీపర్పస్ సొల్యూషన్లకి (కడగడానికీ, క్రిముల్ని చంపడానికీ, నిల్వకీ అన్నిటికీ ఒకటే ద్రవం) అది 90 రోజులు. కొన్నిటికి అంతకంటే తక్కువ, కొన్నిటికి ఎక్కువ. కాబట్టి ఎవరి సీసా వాళ్ళు చదువుకోవాలి, పక్కవాళ్ళ సీసా లెక్క పనికిరాదు. రెండు గడువుల్లో ఏది ముందొస్తే అదే ఆఖరు. 90 రోజుల సీసా తెరిచి నాలుగు నెలలైతే పారబోయడమే.

సీలు తీసిన రోజే ఆ తేదీని చెరగని మార్కర్‌తో సీసా ఒంటి మీద రాయండి. అట్టపెట్టె మీద రాస్తే అది రెండో రోజే చెత్తబుట్టలోకి పోతుంది. మూత మీద రాస్తే, ఇంట్లో లెన్సులు వాడేవాళ్ళు ఇద్దరుంటే మూతలు తారుమారవుతాయి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. కేసులో ఒక్కో గుంటకి సుమారు 3 మిల్లీలీటర్లు పడుతుంది, రెండిటికీ 6. లెన్సులు రుద్ది కడగడానికి, కేసు కడగడానికి ఇంకో 4 వేసుకోండి. రోజుకి 10 అటూఇటూ. ఈ లెక్కన రోజూ లెన్సులు పెట్టుకొనేవాళ్ళకి 300 మిల్లీలీటర్ల సీసా దాదాపు నెలకి ఖాళీ కావాలి. అదే సీసా మూడు నెలలు వచ్చిందంటే తేదీ కంటే ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది: రుద్దేటప్పుడో, కడిగేటప్పుడో, కేసు నింపేటప్పుడో ఎక్కడో పిసినారితనం జరుగుతోంది.

#3 · పెట్రిప్లేటు

పాతదాంట్లో కొత్తది కలపడం గురించి నేను రాస్తాను. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే.

ఈ సొల్యూషన్‌లో క్రిములను చంపే మందు ఎంత ఉంటుందో చాలామందికి తెలియదు. పిహెచ్ఎంబి అనే మందు వాడే సొల్యూషన్లలో అది సాధారణంగా 0.0001 శాతం, అంటే పది లక్షల పాళ్ళలో ఒక్క పాలు. పాలీక్వాటర్నియం-1 అనే ఇంకో మందు అయితే 0.001 శాతం దగ్గర ఉంటుంది. ఇంత తక్కువ ఎందుకంటే, లెన్సుకి అంటుకొని అదే ద్రవం కంట్లోకి వెళ్తుంది. క్రిమి పొరను చీల్చే రసాయనం మోతాదు పెరిగితే కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) పైపొరనీ వదలదు. క్రిమి చావాలి, కన్ను బతకాలి. ఆ రెండిటికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. అందుకే సొల్యూషన్ దగ్గర ఒక రాత్రికి సరిపడా బలమే ఉంటుంది, రెండో రాత్రికి దాచుకొనే మిగులు ఉండదు.

ఆ బలం కూడా క్రిముల మీదే ఖర్చు కాదు. లెన్సు మీద పేరుకొన్న కన్నీటి ప్రోటీన్లు, జిడ్డు కొంత లాక్కుంటాయి. లెన్సు పదార్థమే కొంత పీల్చుకొంటుంది. కేసు గోడకి పాచి పట్టి ఉంటే అది ఇంకొంత మింగుతుంది. పొద్దున మిగిలిన ద్రవం నిన్నటి సొల్యూషన్ కాదు. అందులో మందు తగ్గింది, మురికి పెరిగింది. దాని మీద 1 మిల్లీలీటరు కొత్తది పోస్తే ఆ కొత్తది కూడా పలచబడుతుంది.

తేటగా ఉంది కదా అన్న మాటకి జవాబు: ఒక మిల్లీలీటరులో లక్ష బాక్టీరియా ఉన్నా నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. కంటికి మసకగా తెలియాలంటే సంఖ్య కోటి దరిదాపులకి రావాలి. మసకబారిన సొల్యూషన్ తప్పకుండా చెడ్డదే, కానీ తేటదనం దేనికీ హామీ కాదు.

ఇంకో సంగతి. ఈ సొల్యూషన్లను పరీక్షించే ప్రమాణం ఐఎస్ఓ 14729. లేబుల్ మీద రాసిన కనీస నానబెట్టే సమయంలో సూడోమోనాస్, స్టెఫైలోకాకస్, సెర్రేషియా అనే మూడు బాక్టీరియాలను వెయ్యింటికి ఒకటి మిగిలేంతగా తగ్గించగలిగితే సొల్యూషన్ నెగ్గినట్టు. కాండిడా, ఫ్యుజేరియం అనే రెండు శిలీంద్రాల విషయంలో పదింటికి ఒకటి మిగిలినా నెగ్గినట్టే. కంటికి ప్రమాదకరమైన అకాంతమీబా అనే అమీబా ఈ పరీక్షలో లేనే లేదు. ఇది సొల్యూషన్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. రుద్దడం, కడగడం, తాజా ద్రవంలో నానబెట్టడం మూడూ కలిస్తేనే క్రిముల లెక్క సున్నాకి దగ్గరవుతుంది. ఒకటి మానేస్తే మిగతా రెండూ ఆ భారం మోయలేవు.

2006లో ఫ్యుజేరియం బూజు వల్ల కార్నియా దెబ్బతిన్న కేసులు అమెరికాలో గుంపుగా బయటపడ్డాయి. విచారణలో నిర్ధారణ అయినవి 164. రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌తో సంబంధం తేలి, ఆ ఏడాది మే నెలలో దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకొన్నారు. అదే విచారణలో, వాడిన సొల్యూషన్‌నే మళ్ళీ వాడటం కూడా ముప్పును పెంచిందని కనబడింది.

#4 · నీలిమేఘం

లెన్సే మందుని పీల్చుకొంటుందంటే, వారం పది రోజులు లెన్సు వాడకుండా కేసులో వదిలేస్తే ఏమవుతుంది?

#5 · పెట్రిప్లేటు

మూత తీయకుండా ఎన్ని రోజులు ఉంచొచ్చో లేబుల్ మీద ఉంటుంది. చాలా మల్టీపర్పస్ రకాలకి 30 రోజుల వరకు అని రాస్తారు. అయినా ఆ గడువు నిండేదాకా ఆగి నేరుగా కంట్లో పెట్టుకోమని నేను చెప్పను. వారం దాటితే పాత ద్రవం పారబోసి, లెన్సు మళ్ళీ రుద్ది కడిగి, తాజా సొల్యూషన్‌లో లేబుల్ చెప్పినంతసేపు నానబెట్టి అప్పుడు వాడండి. కేసు లోపల ఎండిపోయి గట్టిపడిన లెన్సును మళ్ళీ నానబెట్టి వాడొద్దు. మెత్తబడినా అంచుల్లో కనబడని చీలికలు ఉంటాయి.

నెలవారీ లెన్సు నెల లెక్క ప్యాకెట్ చింపిన రోజు నుంచే. కేసులో ఉన్న రోజులు కూడా అందులోకే వస్తాయి.

#6 · మందుచీటి

మందుల షాపు కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది, దాన్ని ముందుగా తేల్చాలి. ఒకే అరలో, ఒకే పరిమాణంలో, దాదాపు ఒకే రంగు అట్టపెట్టెల్లో నాలుగు వేర్వేరు ద్రవాలు ఉంటాయి.

మల్టీపర్పస్: శుభ్రం చేయడం, కడగడం, క్రిముల్ని చంపడం, నిల్వ ఉంచడం అన్నీ ఇదే. సాఫ్ట్ లెన్సులు వాడేవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది ఇది.

సెలైన్: 0.9 శాతం ఉప్పునీరు, అంతే. కడగడానికి పనికొస్తుంది. క్రిమిని చంపదు. రాత్రంతా సెలైన్‌లో ఉంచిన లెన్సు శుభ్రపడినట్టు కాదు. ధర తక్కువని ఇది తీసుకెళ్ళి కేసులో పోసేవాళ్ళు చాలామంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్: 3 శాతం. దీనికి ప్రత్యేకమైన నిలువు కేసు ఉంటుంది. సీసా మూతి చాలావాటికి ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు అందం కోసం పెట్టింది కాదు, నేరుగా కంట్లోకి వెళ్ళకూడదని.

రీవెట్టింగ్ చుక్కలు: లెన్సు పెట్టుకొని ఉండగా కన్ను పొడిబారితే వేసుకొనేవి. వీటితో లెన్సు కడగకూడదు, మల్టీపర్పస్‌ను చుక్కలుగా వాడకూడదు.

కొనేముందు అట్టపెట్టె మీద "డిసిన్ఫెక్ట్" అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే అది రాత్రి నిల్వకి పనికిరాదు. సీలు చెదిరినా, మూత కింద ప్లాస్టిక్ రింగు విడిపోయి ఉన్నా ఆ సీసా తీసుకోవద్దు.

ఒకసారి పడిన సొల్యూషన్‌ను అడగకుండా ఇంకో కంపెనీది మార్చొద్దు. కొన్ని సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులకీ (ఆక్సిజన్‌ను ఎక్కువగా వెళ్ళనిచ్చే సాఫ్ట్ లెన్సులు) కొన్ని సొల్యూషన్లకీ పొసగదు. లెన్సు పీల్చుకొన్న మందు మెల్లగా కంట్లోకి వదులుతూ ఉంటే కార్నియా పైపొర చుక్కచుక్కగా దెబ్బతింటుంది. బయటికి మంట, పొడిదనం, ఎరుపు మాత్రమే తెలుస్తాయి. రెండు కంపెనీల సొల్యూషన్లు ఒకే కేసులో కలపడం అసలు వద్దు. ఒక్కో దాన్నీ విడిగా పరీక్షించారు గానీ మిశ్రమాన్ని ఎవరూ పరీక్షించలేదు.

#7 · కంటిగది

పెరాక్సైడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. క్రిముల మీద దీని దెబ్బ మల్టీపర్పస్ కంటే గట్టిది, మిగిలిపోయే ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా ఆపే మందు) ఉండదు కాబట్టి మందు పడని కళ్ళకి చాలా మేలు. కానీ పొరపాటుకి దీని శిక్ష కూడా పెద్దదే.

నిలువు కేసు అడుగున చిన్న పళ్ళచక్రం లాంటి ముక్క ఉంటుంది. దాని మీద ప్లాటినం పూత. లెన్సుల్ని బుట్టల్లో పెట్టి, గీత దాకా సొల్యూషన్ పోసి, మూత బిగించగానే ఆ ముక్క చుట్టూ బుడగలు లేస్తాయి. పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతోందన్న మాట. మొదటి నిమిషాల్లో జోరుగా, తర్వాత తగ్గుతూ సాగి, చివరికి మామూలు ఉప్పునీరే మిగులుతుంది. ఎక్కువ రకాలకి కనీసం 6 గంటలు పడుతుంది. బుడగలు ఆగాయని రెండు గంటలకే తీసేయకూడదు. బుడగలు కంటికి కనబడకపోయినా కళ్ళను మండించేంత పెరాక్సైడ్ ఇంకా ఉంటుంది.

అందుకే కొన్ని నియమాలకి మినహాయింపే లేదు. మామూలు రెండు గుంటల కేసులో పెరాక్సైడ్ పోయొద్దు, అక్కడ దాన్ని విరిచే ప్లాటినం లేదు. ఆక్సిజన్ బయటికి పోవడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది కాబట్టి కేసును నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కారుతుంది. గీత దాటి పోస్తే నురగ పొంగి బయటికొస్తుంది. కొత్త సీసాతో వచ్చిన కొత్త కేసునే వాడాలి, ఎందుకంటే ప్లాటినం పూత రోజులు గడిచేకొద్దీ మందగిస్తుంది. పొద్దున పెట్టుకొనేముందు లెన్సును "ఒక్కసారి కడుగుదాం" అని అదే సీసాలోంచి పోసుకోవడమే అందరికంటే ఎక్కువగా జరిగే ప్రమాదం. కడగాలనుకొంటే సెలైన్ గానీ, మీ లెన్సుకి సరిపడే మల్టీపర్పస్ గానీ వాడండి.

విరిగిపోయాక అందులో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి ఎక్కువ రోజులు నిల్వకి కుదరదు. మూత తీయకుండా 7 రోజులని చాలా లేబుళ్ళు చెబుతాయి. మూత ఒకసారి తీస్తే మళ్ళీ మొదటి నుంచి.

మాత్ర వేసే రకం కూడా ఉంది. కొన్నిటిలో మాత్ర కరిగితే ద్రవం గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు మాత్ర వేశామని గుర్తు చేయడానికే. పెరాక్సైడ్ పూర్తిగా విరిగిందని దాని అర్థం కాదు.

#8 · మందుచీటి

గాయాలు కడిగే గోధుమరంగు సీసా పెరాక్సైడ్ కూడా 3 శాతమే కదా అని అడిగేవాళ్ళున్నారు. శాతం ఒకటే, సరుకు వేరు. అందులో కలిపే స్టెబిలైజర్లు లెన్సు కోసం ఉద్దేశించినవి కావు, లెన్సు రంగు మారొచ్చు. వాడకూడదు.

ఇంట్లో ఇద్దరు లెన్సులు వాడుతూ ఒకరిది మల్టీపర్పస్, ఇంకొకరిది పెరాక్సైడ్ అయితే సీసాలు ఒకే అరలో పెట్టొద్దు. నిద్రమత్తులో చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం. చిన్నపిల్లలకి అందని చోట అన్నది రెండిటికీ వర్తిస్తుంది.

#9 · ఎర్రదీపం

పెరాక్సైడ్ కంట్లో పడితే ఏం చేయాలో కూడా రాసి ఉండాలి.

కన్ను ఒక్కసారిగా మూసుకుపోతుంది, నీళ్ళు ధారకడతాయి. లెన్సు లోపల ఉంటే అదే మందును కంటికి అదిమిపెడుతుంది కాబట్టి ముందు లెన్సు తీయాలి. రెప్ప తెరవలేకపోతే పక్కవాళ్ళ సాయం తీసుకోండి. వెంటనే సెలైన్‌తో, అది దగ్గర లేకపోతే ధారగా పడే మంచినీళ్ళతో 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. మామూలుగా లెన్సులకి నీళ్ళు కూడవన్న నియమం ఇక్కడ వర్తించదు. లెన్సు తీసిన కంట్లోంచి రసాయనాన్ని బయటికి పంపడమే మొదటి పని. పాలు, నూనె, ఇంటి చిట్కాలు ఏవీ వద్దు. నొప్పి, మసక, ఎరుపు మిగిలితే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. కన్ను మామూలయ్యేదాకా లెన్సు ముట్టుకోకూడదు.

#10 · తడిచెయ్యి

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి. "కాచి చల్లార్చిన నీళ్ళు", "ఫిల్టర్ నీళ్ళు", "డిస్టిల్డ్ వాటర్" అని మూడు రకాల సలహాలు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. వీటి సంగతి?

#11 · పెట్రిప్లేటు

మూడూ వద్దు. కారణాలు రెండు.

ఒకటి, అకాంతమీబా. మట్టిలో, కుళాయి నీళ్ళలో, ఈత కొలనుల్లో ఉండే అమీబా అది. పరిస్థితి బాగోకపోతే రెండు గోడల గుల్ల కట్టుకొని లోపల కూర్చుంటుంది. ఆ గుల్ల కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కి లొంగదు, చాలా మల్టీపర్పస్ సొల్యూషన్లకి కూడా సరిగ్గా లొంగదు. కార్నియాలోకి దిగితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. 1980ల్లో ఉప్పు మాత్రలు నీళ్ళలో కరిగించి ఇంట్లోనే సెలైన్ చేసుకొనే అలవాటు ఉండేది. ఆ అలవాటున్నవాళ్ళలో ఈ జబ్బు గుంపుగా బయటపడింది. డిస్టిల్డ్ వాటర్ కూడా సీసా మూత తీశాక స్టెరైల్ (క్రిములు బొత్తిగా లేనిది) కాదు. కాచిన నీళ్ళు చల్లారే గిన్నె, తీసే గరిటె, పోసే సీసా, ఇవేవీ స్టెరైల్ కావు.

రెండు, ఉప్పు లేని నీరు సాఫ్ట్ లెన్సులోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది. లెన్సు ఆకారం మారి కార్నియాకి బిగుసుకొని అంటుకొంటుంది. అప్పుడు లాగితే పైపొర గీరుకుపోతుంది. ఆ గీరిన చోటే క్రిమికి దారి.

ఇక్కడ చాలామంది గమనించనిది తడి చేతులు. సబ్బుతో కడిగి, తుడుచుకోకుండా లెన్సు పట్టుకొంటే వేలి చివర ఉన్న కుళాయి చుక్క లెన్సు మీదికి ఎక్కేస్తుంది. నూలు రాలని పొడి గుడ్డతో వేళ్ళ సందులు కూడా తుడుచుకోవాలి.

#12 · కంటిగది

మల్టీపర్పస్ వాడేవాళ్ళ రోజువారీ క్రమం ఒకసారి వరుసగా పెడతాను.

చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. క్రీములు, నూనెలు కలిసిన సబ్బు వద్దు, ఆ జిడ్డు లెన్సుకి అంటి చూపు మసకవుతుంది. ఎప్పుడూ ఒకే కంటితో, అంటే కుడితోనో ఎడమతోనో మొదలుపెడితే లెన్సులు తారుమారు కావు. లెన్సు తీసి అరచేతి గుంటలో పెట్టుకొని మూడు నాలుగు చుక్కల సొల్యూషన్ వేయండి. చూపుడువేలి మెత్తటి భాగంతో మధ్య నుంచి అంచు వైపుకి గీతలుగా రుద్దండి. గుండ్రంగా తిప్పితే అంచు మడతపడి చిరగొచ్చు. తర్వాత తిప్పి రెండో వైపు. ఎన్ని సెకన్లన్నది లేబుల్‌ని బట్టి మారుతుంది. 20 సెకన్లు పెట్టుకొంటే చాలా సొల్యూషన్లకి తక్కువ కాదు. "రుద్దనక్కర్లేదు" అని రాసి ఉన్నా రుద్దండి. ప్రోటీన్ పొరనీ, దానిలో దాక్కున్న క్రిముల్నీ ముందు విడగొట్టేది వేలే, మందు ఆ తర్వాత.

రుద్దాక కడగడం తప్పనిసరి. రెండు వైపులా సొల్యూషన్ ధార పడాలి. విడిపోయిన మురికి ఆ ధారతోనే కొట్టుకుపోవాలి, లేకపోతే కేసులోకి చేరుతుంది. ఆ తర్వాత పొడిగా ఉన్న ఖాళీ కేసులో లెన్సు మునిగేలా తాజా సొల్యూషన్ పోసి, లెన్సు వేసి, అంచు మూతలో ఇరుక్కోకుండా చూసి బిగించండి. లేబుల్ ప్రకారం 4 గంటలో 6 గంటలో ఉంచాలి.

పొద్దున లెన్సు తీసుకోగానే ఆ ద్రవం పారబోసి, కేసులో కొత్త సొల్యూషన్ కొంచెం పోసి, వేలితో గుంట లోపల గోడలూ, మూత లోపలి మరలూ రుద్ది కడిగి, శుభ్రమైన టిష్యూతో తుడిచి, కేసునూ మూతలనూ బోర్లించి ఆరనివ్వండి. కుళాయి కింద పట్టొద్దు. కేసు వయసు మూడు నెలలు, అంతకు మించి వద్దు. పగులు, గీత, రంగు మార్పు కనిపిస్తే ఆ రోజే పారేయండి.

#13 · తడిచెయ్యి

టిష్యూతో తుడిస్తే నూగు అంటుకొంటుంది కదా? ఊరికే బోర్లిస్తే సరిపోదా?

#14 · పెట్రిప్లేటు

నూగు రాలే చవక టిష్యూ అయితే మీరన్నది నిజమే. కానీ తుడవడం మానేస్తే నష్టం ఎక్కువ. కేసు గోడ మీద జారుడుగా తగిలే పాచి ఉంటుంది చూడండి, చేప ఒంటి జిగట లాంటిది. దాన్ని రసాయనం ఒక్కటే కరిగించలేదు, రాపిడి కావాలి. పొడిగా, నూగు లేని టిష్యూతో ఒకసారి తిప్పి తీసి, తర్వాత బోర్లించండి. సాయంత్రం లెన్సు వేసేముందు కేసులో కొంచెం సొల్యూషన్ పోసి ఒంపేస్తే మిగిలిన నూగు కూడా పోతుంది.

బోర్లించేది ఎక్కడన్నది కూడా చూసుకోవాలి. వాష్‌బేసిన్ గట్టు మీద, టాయిలెట్ ఉన్న గదిలో వద్దు. అక్కడి తేమలో కేసు ఆరదు. ఫ్లష్ చేసినప్పుడు లేచే తుంపరలు దాని మీదే పడతాయి.

#15 · మందుచీటి

నిల్వ గురించి అడిగారు. ఫ్రిజ్ అక్కర్లేదు, గది వేడిమి చాలు. లేబుల్ మీద ఎక్కువగా 25 లేదా 30 డిగ్రీల సెల్సియస్ లోపు అని ఉంటుంది. గడ్డకట్టనివ్వకూడదు. ఎండ తగిలే కిటికీ, పొయ్యి పక్కన ఉన్న అర, ఎండలో ఆపిన కారు, ఇవి పనికిరావు. మూసిన కారులో డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటగలదు. అలా ఒక మధ్యాహ్నం ఉడికిన సీసాను మళ్ళీ చల్లబరిచినా నమ్మి వాడొద్దు. వేడికి ప్రిజర్వేటివ్ విరగొచ్చు, కొన్ని ప్లాస్టిక్ గోడలోకి ఇంకిపోవచ్చు. బయటికి ఏ తేడా కనబడదు.

సీసా మూతి గురించి ఎవరూ చెప్పలేదు. నొక్కి వదిలినప్పుడు జాగ్రత్తగా చూడండి: మూతి చివర వేలాడుతున్న చుక్క కింద పడకుండా వెనక్కి లోపలికి పోతుంది. సీసా గోడ మళ్ళీ ఉబ్బుతూ గాలితో పాటు ఆ చుక్కని కూడా లాక్కుంటుంది. ఆ చుక్క అంతకుముందు లెన్సుకో, వేలికో, కేసు అంచుకో తగిలి ఉంటే అక్కడున్నదంతా 300 మిల్లీలీటర్లలోకి చేరినట్టే. అందుకే మూతిని కేసుకి ఆనించకుండా, వేలెడు ఎత్తు నుంచి పోయాలి. పని కాగానే మూత పెట్టాలి. మూత తీసి పక్కన పెట్టేటప్పుడు లోపలి వైపు బల్లకి తగలకూడదు. మూతిని టిష్యూతో తుడవడం కూడా తప్పే.

#16 · ప్రయాణీకుడు

చిన్న సీసాలోకి ఒంపడానికి వస్తాను. విమానంలో చేతిసంచిలో ద్రవాలకి సాధారణంగా 100 మిల్లీలీటర్ల హద్దు ఉంటుంది కాబట్టి చాలామంది చేసే పని ఇది. చిన్న సీసాను వేడినీళ్ళతో ఎంత కడిగినా అది స్టెరైల్ కాదు. పైగా ఏ ప్లాస్టిక్‌తో చేశారో తెలియని సీసా మందును పీల్చుకోవచ్చు. తేదీ, రకం రాసిన లేబుల్ కూడా పోతుంది. చాలా కంపెనీలు 60 లేదా 100 మిల్లీలీటర్ల సీల్డ్ సీసాలు అమ్ముతాయి. ఆరు రోజుల ప్రయాణానికి 60 సరిపోతుంది, పైన కంటిగది గారు చెప్పిన రోజుకి 10 లెక్కే. పెరాక్సైడ్ వాడేవాళ్ళకి నిలువు కేసును రోజంతా నిలబెట్టి మోయడం కష్టం. రెండు మూడు రోజుల ప్రయాణమైతే డైలీ డిస్పోజబుల్ లెన్సులు తీసుకెళ్ళడం మంచిది, వాటికి సొల్యూషనే అక్కర్లేదు. వాటిని రాత్రి నానబెట్టి మర్నాడు వాడటం మాత్రం చేయొద్దు, ఆ పనికి అవి తయారు కాలేదు.

#17 · నీలిమేఘం

గట్టి లెన్సులు వాడేవాళ్ళకి కూడా ఇవే వర్తిస్తాయా?

#18 · కంటిగది

నీళ్ళు, కేసు, తేదీలు, మూతి విషయాల్లో ఇవే. సొల్యూషన్ మాత్రం వేరు. గట్టి లెన్సు శుభ్రం చేసే చిక్కటి క్లీనర్ కంట్లో పడితే మండుతుంది, పూర్తిగా కడిగేయాలి. కుళాయి నీళ్ళతో కడగొచ్చని పాతరోజుల్లో చెప్పేవారు, ఇప్పుడు వద్దంటున్నారు. స్క్లెరల్ లెన్సు (కంటి తెల్లభాగం మీద ఆనే పెద్ద గట్టి లెన్సు) గిన్నెలో నింపే ద్రవం మాత్రం ప్రిజర్వేటివ్ లేని స్టెరైల్ సెలైనే, అదీ ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల్లో వచ్చేదే కావాలి. ఆ ద్రవం కార్నియా మీద గంటల తరబడి నిలిచి ఉంటుంది. అక్కడ మల్టీపర్పస్ పోస్తే అందులోని మందు అంతసేపూ కార్నియాని కొరుకుతూనే ఉంటుంది.

#19 · ఎర్రదీపం

ఏ జాగ్రత్తలో తేడా వచ్చినా కన్ను ముందే చెబుతుంది. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నీళ్ళు కారడం, చూపు మసక, ఇసుక పడ్డట్టు గరగర. వీటిలో ఏది వచ్చినా లెన్సు తీసేయండి. తీశాక గంటలో తగ్గకపోతే, లేదా ఎరుపుతో పాటు నొప్పి ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. సూడోమోనాస్ వల్ల వచ్చే పుండు ఒక్క రోజులోనే కార్నియాని లోతుగా తినేయగలదు. "రేపు చూద్దాం" అన్నది ఇక్కడ కుదరదు.

ఇంట్లో ఉన్న పాత చుక్కలు, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసినవి వేసుకోవద్దు. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల బూజో అమీబానో పెరుగుతుంది. ఆ లెన్సును, కేసును, సొల్యూషన్ సీసాను పారేయకుండా సంచిలో పెట్టి వెంట తీసుకెళ్ళండి. వాటిని ల్యాబులో పరీక్షిస్తే ఏ క్రిమో త్వరగా తెలుస్తుంది, సరైన మందు త్వరగా మొదలవుతుంది.

#20 · తడిచెయ్యి

చివరిగా ఒకటి. రాత్రి ఆలస్యమైంది, సీసా ఖాళీ, షాపులు లేవు. లెన్సు కంట్లో ఉంది. ఏది తక్కువ నష్టం: అలాగే పడుకోవడమా, తీసి నీళ్ళలో వేయడమా?

#21 · కంటిగది

రెండూ కాదు. తీసేసి పారేయండి. లెన్సుతో నిద్రపోతే కార్నియాకి ఆక్సిజన్ తగ్గి ఇన్ఫెక్షన్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది, నీళ్ళ సంగతి పైన చెప్పుకున్నాం. నోట్లో పెట్టి తడపడం అంతకంటే చెడ్డ పని. పోయేది ఒక జత లెన్సులు మాత్రమే. ఇందుకే సంచిలో ఎప్పుడూ రెండు వస్తువులు ఉండాలి: ఇప్పటి పవర్‌తో ఉన్న కళ్ళజోడు, సీలు తీయని ఒక జత లెన్సులు.

#22 · నీలిమేఘం

పాత సీసా పారబోశాను. కొత్తదాని మీద తేదీ రాశాను, కేసు కూడా మార్చాను. కేసు అడుగున కూడా అదే మార్కర్‌తో తేదీ రాసి పెట్టాను, మూడు నెలల లెక్క తప్పకుండా. అందరికీ ధన్యవాదాలండి.

#23 · మందుచీటి

అడుగున బయటి వైపే రాశారు కదా? లోపలి వైపు సిరా తగలకూడదు. అలా రాసి ఉంటే ఆ కేసు వాడకండి.